పెరటి చరిత్ర: పాదు, పిట్ట, పొయ్యి



"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మనలో ఒక సామెత వున్నది. చేతికి అందేదంటే మనిషికి చులకన అని దాని భావం. మందు మాట అలా వుంచండి, చరిత్రకు కూడా పెరటి చెట్టు పనికిరాకుండా పోయింది. చరిత్ర అనగానే మనకు కోటలు, దండయాత్రలు, రాజుల వంశావళి గుర్తుకు వస్తాయి గాని, ఇంటి వెనుక దడి కట్టుకున్న రెండు సెంట్ల నేలకు కూడా ఒక చరిత్ర వున్నదని ఎవరికీ తోచదు. ఆ చరిత్ర మన కంచానికి మరీ దగ్గరగా వున్నది. ఈ పూట దాన్ని గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం.

ముందుగా ఒక్క పని చేయండి. రేపు తెల్లవారి పనులలో పడకముందు ఒక పావుగంట నూతి గట్టు మీదనో, దొడ్డి అరుగు మీదనో ఊరికే కూర్చోండి. మునగ కొమ్మ మీద పిగిలిపిట్ట వుంటుంది. నెత్తిన నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ, అదీ దాని గుర్తు. అరటి పువ్వు దొప్ప విచ్చుకున్న చోట బొటనవేలంత తేనెపిట్ట తలకిందులుగా వేలాడుతూ వుంటుంది. గేదె వీపు మీద చీలిన తోకతో పసులపోలిగాడు దర్జాగా కూర్చుని వుంటాడు. గేదె అడుగు వేస్తే గడ్డిలోంచి మిడత లేస్తుంది, వాడు గాలిలోనే దాన్ని అందుకుంటాడు. ఈలోగా వంటింట్లో ఆవాలు చిటపటలాడుతాయి, కరివేపాకు వాసన గుప్పున వస్తుంది. ఆ రెబ్బ దూసింది మీ ఎదురుగా వున్న చెట్టు నుంచే. పైసా ఖర్చు లేని ఇంతటి వేడుక మరొకచోట దొరకదు. పాదు, పిట్ట, పొయ్యి, ఈ మూడూ ఒకే దడి లోపల కాపురం చేసిన కథే పెరటి చరిత్ర.

అయిదు వందల ఏళ్ళ వెనక్కి వెళదాం. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యద అనే కావ్యం వ్రాశారు. అందులో విష్ణుచిత్తుడనే భక్తుడు శ్రీవిల్లిపుత్తూరులో వచ్చిన అతిథికల్లా అన్నం పెడుతూ వుంటాడు. రాయలవారు ఆ భోజనాన్ని కాలాన్ని బట్టి వర్ణించారు. వానాకాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, మజ్జిగ, చెరకురసం, లేత కొబ్బరినీరు. చలికాలంలో మిరియాల పొడి తగిలిన వేడి కూరలు, ముక్కు అదిరే ఆవపచ్చళ్ళు, ఊరగాయలు, పాయసం. జడివాన పట్టిన రోజులలో ఆ ఇల్లాలి కంట్లో పొగ పడకుండా కొబ్బరి చిప్పలతో పొయ్యి మండించారట. సింహాసనం మీద కూర్చున్న రాజు పొయ్యి ముందు కూర్చున్న ఆడదాని కన్ను సంగతి కూడా ఆలోచించాడంటే ఆశ్చర్యం కాదా!

ఈ వర్ణనలో వ్యవసాయ శాఖ మనిషిగా నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, ఆ వంట అంతా కాలంతో నడిచింది. ఎండలు కాసే రోజులలో కూరలు తరిగి ఎండబెట్టి, బూడిద గుమ్మడితో వడియాలు పెట్టి దాచుకుంటే, పాదులు కుళ్ళిపోయే వానాకాలంలో అక్కరకు వచ్చేవి. ఇది మన అమ్మమ్మలు కూడా చేసిన పనే. రెండవది, ఆ వంటలో కారం వున్నది గాని మిరపకాయ లేదు. కారమంతా మిరియాలదీ, ఆవాలదీ. ఎందుకో తరువాత చెబుతాను.

అదే కావ్యంలో పిట్టల ముచ్చట కూడా ఒకటి వున్నది. వరిచేల మధ్య పంటకాలువలో బాతులు రెక్కలలోకి తల దూర్చుకుని నిద్రపోతున్నాయి. తెల్లవారుజామున తలారులు వాటిని చూసి, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టలనుకుని, తీసి ఇద్దామని నీళ్ళలోకి దిగారు. బట్టలు కాస్తా రెక్కలు విప్పుకుని ఎగిరిపోయాయి! చేను కాస్తున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఇది చూసి వ్రాసిన మాటే గాని ఊహించి వ్రాసింది కాదని కాలువ గట్టున తెల్లవారుజామున నడిచిన ప్రతి రైతుకూ తెలుసు.

ఇక మిరపకాయ సంగతి. 1498లో వాస్కో డ గామా ఓడలు కాలికట్టు చేరుకున్నాయి. ఆ తరువాత పోర్చుగీసువారి ఓడలలో అమెరికా ఖండపు మొక్కలు మన తీరాలకు దిగసాగాయి. మిరప పదహారవ శతాబ్దంలో అలా వచ్చినదే. మిరియంలా కారంగా వున్నది కనుక మనవాళ్ళు దానికి మిరప అని పేరు పెట్టుకున్నారు. జీడిమామిడి, బొప్పాయి, జామ, సీతాఫలం, తియ్యగుమ్మడి, టమాటా, బంగాళాదుంప, ఇవన్నీ సముద్రం దాటి వచ్చిన చుట్టాలే. పేర్లే సాక్ష్యం చెబుతాయి. బొప్పాయిని కొన్ని చోట్ల పరింగికాయ అంటారు, పరంగులు తెచ్చిన కాయ అని. సీమచింతలో సీమ వున్నది. టమాటాను మన పెద్దవాళ్ళు కొన్ని ప్రాంతాలలో రామములగ పండు అన్నారు. కొత్త కోడలికి పుట్టింటి పేరు మార్పించి మన ఇంటిపేరు పెట్టుకున్నట్టే అయింది.

మరి ఈ కొత్త మొక్కలను ఎవరు ముందు ఇంట్లోకి రానిచ్చారు? ఊరూ పేరూ తెలియని గింజను రైతు ఏకంగా చేనంతా చల్లడు గదా! ముందు పెరట్లో, నీళ్ళు పారే దారిలో, ఒక మూల నాటి చూస్తాడు. ఇల్లాలు వండి చూస్తుంది. పిల్లలు తిని చూస్తారు. బాగుంటే విత్తనం పక్కింటికి పోతుంది. ఇవాళ మేము ప్రదర్శనా క్షేత్రం అంటున్న దానికి ఆనాటి రూపం పెరడే. అలాగని పాతకాపులను మనవాళ్ళు వెళ్ళగొట్టలేదు. వంకాయ, మునగ, కరివేపాకు, బచ్చలి, బూడిద గుమ్మడి వున్నచోటనే వున్నాయి, కొత్తవాటికి కాస్త జరిగి చోటిచ్చాయి.

ఈ వ్యవహారంలో పిట్టలకూ పాలున్నది. మిరపలోని ఘాటు మనిషికి, మేకకు, ఎలుకకు నోరు మండిస్తుంది గాని పిట్టకు ఏమీ తెలియదు. చిలక మిరపకాయను ముక్కున కరచుకుని తాపీగా తినడం మనం ఎరిగినదే. పండు తిన్న పిట్ట పొట్టలో గింజ నలగదు, ఎక్కడో రెట్టతో కింద పడి మొలుస్తుంది. మీ పెరట్లో ఎవరూ నాటకుండానే దడి వారన ఒక మిరప మొక్క లేచిందనుకోండి, పైన పిగిలిపిట్ట కూర్చునే కొమ్మ ఏదో చూడండి. నాటినవారు ఎవరో తెలుస్తుంది. సీమచింత తీపి పప్పును పంచినది కూడా ఈ రెక్కల సేద్యగాళ్ళే.

మన పెద్దలు ఈ సేవకు కూలి ఇవ్వకుండా వుండలేదు. కొత్త వడ్లు ఇంటికి రాగానే మొదటి కంకులను అందంగా కుచ్చుగా అల్లి వసారా దూలానికీ, గుడి మండపానికీ వేలాడదీశారు. అది పిచ్చుకల వాటా. దసరానాడు పాలపిట్టను చూడనిదే పండుగ కాలేదన్నారు. పాలపిట్ట తినేది ఏమిటయ్యా అంటే మిడతలు, పురుగులు. ఇప్పుడది తెలంగాణ రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను తన పక్షిగా ఎంచుకున్నది. చూడటం వేరు, పట్టి పంజరంలో పెట్టి చూపించడం వేరని మాత్రం గుర్తుంచుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలా పట్టి బంధించడం నేరం. కొమ్మ మీద చూసిన పాలపిట్టే శుభం.

పిట్టలకు మనవాళ్ళు పెట్టుకున్న పేర్లను వ్రాసి భద్రపరచిన వాడు జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు. ఆయన నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. అక్కడి యానాదులను అడిగి ప్రకృతి విశేషాలు తెలుసుకున్నాడు. 1862 మొదలు 1864 వరకు మూడు సంపుటాలుగా భారతదేశపు పక్షులను గురించి పుస్తకం వెలువరించి, దొరికిన చోటల్లా తెలుగు పేరు కూడా చేర్చాడు. పేరు పెట్టారంటే గమనించారన్నమాట. చదువురాని వాళ్ళని మనం అనుకునే వారి దగ్గర డాక్టరు పాఠం చెప్పించుకున్నాడు.

తరువాత వ్యవసాయ శాఖ వంతు వచ్చింది. 1912లో బీహారులోని పూసా పరిశోధన కేంద్రం నుంచి మేసన్, లెఫ్రాయ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల గ్రంథం ఒకటి వెలువడింది. పిట్టలు ఏమి తింటాయో కేకలు వేసుకుని వాదించుకోకుండా, వందల కొద్దీ పక్షుల పొట్టలు కోసి చూసి వ్రాసిన గ్రంథం అది. గింజ తినే పిట్ట కూడా పిల్లలను పెంచే రోజులలో పురుగులను ఏరుతుందనే విషయం మన శాఖకు కొత్తది కాదన్నమాట. పిచ్చుకనే తీసుకోండి. పెద్దది ధాన్యం తింటుంది గాని, గూట్లో వున్న పిల్లకు పెట్టేది మెత్తటి పురుగు.

ఈ సంగతి మరచినందుకు ఒక మహాదేశం ఎంత మూల్యం చెల్లించిందో వినండి. 1958లో చైనాలో నాలుగు చీడలను నిర్మూలించాలని ఉద్యమం లేవదీశారు. ఎలుక, ఈగ, దోమలతో బాటు పిచ్చుకను కూడా ఆ జాబితాలో చేర్చారు. పిచ్చుక వాలకుండా జనం పళ్ళేలు, డప్పులు మోగించారు, గూళ్ళు పీకారు. అలసి నేలరాలిన పిచ్చుకలను కుప్పలుగా పోశారు. ఆ తరువాత పంటలపై పురుగు పెచ్చుపెరిగింది. 1960లో పిచ్చుకను జాబితా నుంచి తీసివేసి నల్లిని చేర్చారు. ఆ దేశంలో ఆనాడు వచ్చిన ఘోరమైన కరువుకు కారణాలు అనేకం, అందులో ఇదీ ఒకటి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనం నవ్వులాటకు అంటాం. అక్కడ నిజంగానే వేశారు.

మన దగ్గర డప్పులు మోగలేదు గాని, మందు సీసా మోగింది. డి.డి.టి. పురుగులను చంపుతుందని 1939లో కనుగొన్నారు. యుద్ధం ముగిశాక అది ప్రపంచమంతటా పొలాల మీదికి వచ్చింది. 1962లో రాచెల్ కార్సన్ అనే అమెరికా రచయిత్రి, ఈ మందుల వల్ల పిట్టల పాట ఆగిపోతున్నదని పుస్తకం వ్రాసి హెచ్చరించింది. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించారు. అప్పటికి ఇతర మందులు అలవాటు అయిపోయాయి.

చిత్రమేమిటంటే, అదే కాలంలో పెరటి తోట పెంచండని కూడా చెబుతూనే వచ్చాం. 1940లలో ఆహారోత్పత్తి పెంచే ఉద్యమం, 1960ల తొలినాళ్ళలో పోషకాహార పథకం కింద బడి తోటలు, కోళ్ళ పెంపకం, ఇవన్నీ నడిచాయి. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది, అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. పెద్దవారికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర కావాలని ఆ సంస్థ సలహా. ఒక చేత్తో ఆకుకూర తినండని చెప్పాం, మరో చేత్తో మందు సీసా అందించాం. ఈ మాట ఎవరినో అనడం లేదు, నా సంగతే చెబుతున్నాను.

డిప్లొమా పట్టా పుచ్చుకుని వ్యవసాయ విస్తరణ అధికారిగా చేరిన కొత్తలో కృష్ణా డెల్టాలోని ఒక గ్రామంలో పనిచేశాను. అక్కడ ఒక మామ్మగారి పెరడు చూడముచ్చటగా వుండేది. గిన్నెలు కడిగిన నీళ్ళు అరటికి, అరటి నుంచి పొంగిన నీళ్ళు బచ్చలికి పోయేటట్టు బోదె తీశారు. పెంకుటింటి వసారాలో వరి కుచ్చు, దూలం సందున పిచ్చుక గూడు. ఒకనాడు ఆవిడ, "చిక్కుడు పందిరికి పేనుబంక పట్టింది నాయనా, ఏం చేయమంటావు?" అని అడిగారు. వసారా మూల ఆవిడ కొడుకు మిరప చేనుకు కొట్టగా మిగిలిన సీసా వుంది. నేను నిలబడిన చోటు నుంచే, "ఆ మందే ఒక మూత బిందెడు నీళ్ళలో కలిపి కొట్టించండి మామ్మగారూ, పోతుంది" అన్నాను. సీసా చేతిలోకి తీసుకుని చదవలేదు. అది మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దాని వాడకాన్ని 2005లోనే నిషేధించారు. పిట్టలకు అది మహా విషం. ఇవన్నీ నేను చదువుకున్నవే.

మూడో నాడు ఆ దారిన వెళుతుంటే ఆవిడ పిలిచారు. కుచ్చు కింద ఒక పిచ్చుక రెక్కలు చాపి పడి వుంది. పక్కన ఇంకా ఈకలు రాని పిల్లలు రెండు. పందిరి మీది పురుగులను తల్లి ఏరి తెచ్చి పెట్టింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇవాళ ఈ చిక్కుళ్ళు కోసి మా మనవడికి వండుదామనుకున్నాను నాయనా. పిట్టలు ముందు తిని చెప్పాయి" అన్నారు, అంతే.

ఆ పిల్లవాడికి అప్పుడు నాలుగేళ్ళు. ఈ రోజుకు కూడా ఆ మాట తలచుకుంటే నాకు ముద్ద దిగదు. పందిరి కాయంతా కోయించి గోతిలో పూడ్పించాం. భోజనం చేసి వెళ్ళమని ఆవిడ బలవంతం చేశారు. పెట్టిన కూర బజారులో కొన్న కూర. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఆకు కొని తెచ్చుకోవడం అదే మొదటిసారి అన్నారు.

పేనుబంకకు చేయవలసింది ఏమిటో చెప్పి తీరాలి గదా. పురుగు కనబడగానే గట్టిగా నీళ్ళు చిమ్మి రాల్చండి. బాగా పట్టిన కొనలు తుంచి పారవేయండి. పొద్దున్నే మంచు తడి మీద జల్లించిన కట్టెల బూడిద చల్లండి. అవసరమైతే అయిదు శాతం వేపగింజల కషాయం పిచికారీ చేయండి. ఎర్రటి రెక్కల మీద నల్లని చుక్కలుండే అక్షింతల పురుగు కనిపిస్తే చంపకండి, పేనుబంకే దాని ఆహారం. మిగిలిన పని పిట్టలకు వదలండి. మేము పొలంలో పక్షి స్థావరాలు నిలపమని, అంటే పిట్ట వాలడానికి కర్రలు పాతమని చెబుతున్నాం. పెరట్లో ఆ కర్ర మునగ కొమ్మ రూపంలో ఎప్పుడో వున్నది.

పెరడు ఇరుకైపోయిన మాట నిజమే. పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది, పిచ్చుకకు దూలం సందు పోయింది. మట్టి నేల మీద సిమెంటు పరిచాం, నీళ్ళు తూములోకి పోయాయి. అయినా మార్గం లేకపోలేదు. డాబా మీద నాలుగు కుండీలలో తోటకూర, మెంతికూర, ఒక పాత బకెట్లో బచ్చలి తీగ, గోడకు ఒక చెక్క పెట్టె, ఎండాకాలంలో మట్టి మూకుడులో నీళ్ళు, పంట రోజులలో ఒక వరి కుచ్చు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళే ఇంటి వెనుక గోంగూర పెంచుకుంటున్నారు. మనకు ఏమి వచ్చింది?

ఆ మామ్మగారు ఆ ఏడాది పందిరి కింద మట్టి తిరగవేయించి, పశువుల ఎరువు వేసి, మళ్ళీ గింజ పెట్టారు. కుచ్చు మాత్రం మానలేదు. దూలం ఖాళీగానే వుండిపోయింది. మరుసటి సంక్రాంతి దాటాక ఒకనాడు కబురు పంపారు. వెళ్ళేసరికి వసారాలో గడ్డిపరకలు రాలి వున్నాయి. పైన కిచకిచ. ఆవిడ పీట వేసి, అరిటాకులో కంద బచ్చలి కూర, చిక్కుడుకాయ వేపుడు వడ్డించారు. "ఇది మన పెరటిదే నాయనా, అనుమానం లేకుండా తిను. వాళ్ళు తిని వారమయింది" అని దూలం వంక చూపించారు.

అప్పటి నుంచి నేను ఏ ఇంటి పెరడు చూడబోయినా ముందు మొక్కలను చూడను. తల ఎత్తి పిట్ట వున్నదా అని చూస్తాను. పిట్ట తిని బ్రతికిన పాదే పొయ్యి దాకా రావాలి. రాయలవారి నాటి నుంచి ఈ మూడింటి పొత్తు అలాగే నడిచింది. రేపు ఉదయం ఆ పావుగంట కూర్చోవడం మరువకండి.